అల్లిన చెయ్యి, రాసిన చెయ్యి

2025 సంక్రాంతికి రాంబిల్లి వెళ్లేసరికి మా పిన్నీ, ఆవిడ కూతురూ మాట్లాడుకోవడం మానేసి నాలుగు రోజులయింది. అరిసెలు ఇద్దరూ కలిసే వండుతున్నారు గానీ, చెప్పుకోవాల్సిన మాటలన్నీ పొయ్యికీ గోడకీ చెబుతున్నారు. గొడవంతా ఒక బల్లగుడ్డ గురించి. పన్నెండంగుళాల గుండ్రటి తెల్ల లేసు గుడ్డ. మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు, దాని చుట్టూ వల లాంటి అల్లిక, అంచున చిన్న చిన్న విసనకర్రలు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ పిన్ని అల్లుతున్నదే.

చెల్లి బీకాం చదివింది. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి వైపు ఒక దుస్తుల ఫ్యాక్టరీలో ఎనిమిది నెలలు చేసి, నిలబడలేక మానేసింది. ఇంట్లోంచే ఏదైనా అమ్ముకోవాలన్నది దాని పట్టుదల. "అక్కా, అమ్మ పదకొండు గంటలు అల్లిన గుడ్డని ఒక్కసారే అమ్ముతాం. అదే ఆ గుడ్డ ఎలా అల్లాలో రాసి, ఫొటోలు పెట్టి, పీడీఎఫ్ చేసి నెట్‌లో పెట్టామనుకో, ఎన్నిసార్లయినా అమ్మొచ్చు. దారం ఖర్చు లేదు, కొరియర్ ఖర్చు లేదు" అంటుంది.

పిన్నికి ఈ లెక్క అర్థం కాక కాదు, మింగుడుపడక. "ఒకసారి అమ్మేసినదాన్ని మళ్లీ ఎలా అమ్ముతారే? అది మోసం కాదూ?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. రెండోది ఇంకా గట్టిది. "ఎలా అల్లాలో ఊరందరికీ చెప్పేశాక నా గుడ్డ ఎవరు కొంటారు?"

తీర్పు నన్ను చెప్పమన్నారు. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి వ్యాపారం గురించి ఏం తెలుస్తుందని నవ్వేశాను. నన్నే ఎందుకు అడిగారో సాయంత్రానికి తెలిసింది. ఆ నమూనాని ఇంగ్లీషులో రాసిపెట్టాల్సింది నేనేనట.

చేత్తో చేసిన వస్తువు అమ్మాలా, కంప్యూటర్‌లో దాచిన సూచనల కాగితం అమ్మాలా అన్నది ఈ తరానికి వచ్చిన కొత్త సందేహం అనుకున్నాను అప్పుడు. తిరిగొచ్చి పాత పుస్తకాలు తీశాక తెలిసింది, మా వంటింట్లో జరిగిన గొడవకి నాలుగు వందల ఏళ్ల వయసుందని.

*

రాంబిల్లి లేసుకి పేరున్న ఊరు కాదు. శారదా నది సముద్రంలో కలిసే ప్రాంతం. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచీ అనకాపల్లి జిల్లా అయింది. ఒకవైపు నౌకాదళ స్థావరం, ఇంకోవైపు ఫ్యాక్టరీలు, పొద్దున్నే అమ్మాయిల్ని ఎక్కించుకుపోయే కంపెనీ బస్సులు. ఈ ఊరికి లేసు మా పిన్నితో పాటు కాపురానికి వచ్చింది. ఆవిడ పుట్టిల్లు పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం దగ్గర ఒక పల్లె. మా మండలంలోనూ వాడనర్సాపురం అని మత్స్యకారుల ఊరొకటి ఉంది. కొత్తకోడలిని "ఏ ఊరమ్మా" అని అడిగినవాళ్లు "నరసాపురం" అనగానే "ఓలమ్మా, మన పక్కూరేనేటి" అనుకునేవారట.

గోదావరి నరసాపురానికి మాత్రం ఈ లేసు ఎక్కడిది? అక్కడా అది ఎవరో తెచ్చినదే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల భార్యలు దక్షిణ భారతంలో చాలాచోట్ల లేసు నేర్పారు. 1820ల్లో నాగర్‌కోయిల్‌లో లండన్ మిషన్ తరఫున మార్తా మాల్ట్ లేసు బడి నడిపారు. అక్కడ దాస్యంలో ఉన్న కులాల ఆడపిల్లలు లేసు మీద వచ్చిన డబ్బుతో తమ స్వేచ్ఛని కొనుక్కున్నారని మిషన్ చరిత్రలు చెబుతాయి. గోదావరి డెల్టాలో కొక్కెం సూదితో అల్లే క్రోషే లేసు స్థిరపడింది. మొదట నేర్చుకున్నది క్రైస్తవం తీసుకున్న పేద స్త్రీలు, అందులోనూ దళిత స్త్రీలు. వాళ్లు అల్లినది మిషనరీల స్నేహితుల ద్వారా బ్రిటన్‌లో అమ్ముడుపోయేది. కొన్ని దశాబ్దాలకి అది గోషా పాటించే కాపు ఇళ్లలోకి వెళ్లింది. మా పిన్నిది అలాంటి ఇల్లే.

నరసాపురానికి రాకముందు క్రోషేకి ఇంకో కథ ఉంది. 1845లో మొదలైన బంగాళదుంప కరువులో ఐర్లండ్ ఆకలితో చచ్చిపోతున్నప్పుడు, కాన్వెంట్‌లలోనూ పాస్టర్ల ఇళ్లలోనూ ఆడవాళ్లకి క్రోషే నేర్పారు. కరువుపని అది. సూదీ, నూలూ ఉంటే చాలు, మగ్గం అక్కర్లేదు, స్థలం అక్కర్లేదు. ఒకడి భూమి మీద ఆధారపడక్కర్లేదు. పేదరికం ఎక్కువై, ఆడవాళ్ల చేతులు ఖాళీగా ఉన్నాయని ఎవరికి అనిపించినా అక్కడికి క్రోషే వెళ్లింది. ఆడవాళ్ల చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయో మాత్రం ఎవరూ అడగలేదు.

*

నరసాపురం లేసు గురించి మాట్లాడే ఎవరైనా మరియా మీస్ దగ్గర ఆగాలి. 2023లో కన్నుమూసిన ఈ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం పల్లెల్లో తిరిగి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" ప్రచురించారు. నేను ఎంఏలో ఉన్నప్పుడు సెమినార్ కోసం చదివాను. ఎంతసేపూ సిద్ధాంతమే చూశాను తప్ప, ఆ పుస్తకంలో మా పిన్ని ఉందని నాకు తట్టలేదు.

మీస్ చూపించింది ఇది. రోజుకి ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అల్లే స్త్రీలని ఎవరూ పనివాళ్లు అనలేదు. ఎగుమతిదార్లు వాళ్లని "ఇంట్లో కూచునే ఆడవాళ్లు, తీరిక వేళల్లో అల్లుకుంటారు" అన్నారు. జనాభా లెక్కలు చాలామందిని లెక్కపెట్టనే లేదు. వాళ్లూ తమని గృహిణులమనే చెప్పుకున్నారు. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీకి లేసు అల్లే కాపు స్త్రీ కన్నా కూలి ఎక్కువ ముట్టేది. అయినా కాపు స్త్రీ గడప దాటనందుకు గౌరవం దక్కేది. ఆ గౌరవమే ఆవిడ కూలిని కిందికి తొక్కింది. దీన్నే మీస్ గృహిణీకరణ అన్నారు. ఒక మనిషిని గృహిణి అని పిలవగానే ఆ మనిషి శ్రమ చౌకైపోతుంది.

మా ఇంట్లోనూ అంతే. వాడనర్సాపురం నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చే ఆవిడ "పని చేసుకుంటోంది". మా పిన్ని "ఊరికే కూచోలేక అల్లుకుంటోంది". చెల్లి కాలేజీ ఫీజు మూడేళ్లలో ఎన్నిసార్లు ఆ "ఊరికే కూచోలేక" లోంచి వచ్చిందో బాబాయికి ఇప్పటికీ తెలియదు.

ఆ పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మొదటిసారి చదివినప్పుడు దాన్ని దాటేశాను. నరసాపురంలో ఒక లేసు గుడ్డని ఒకే మనిషి అల్లదు. ఒకరు పువ్వులు అల్లుతారు. ఇంకొకరు అంచులు. వాటిని కలిపి కుట్టే అతుకుపని మరొకరిది. ఏజెంటు దారం ఇచ్చి, ముక్కలు పట్టుకుపోతాడు. మొత్తం గుడ్డ ఎలా ఉంటుందో, ఎవరు కొంటారో, ఎంతకి కొంటారో తెలిసేది పైనున్నవాళ్లకే. ఒకప్పుడు లేసు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వ్యాపారం చేసిన స్త్రీలూ ఉండేవారు. 1970ల్లో ఎగుమతులు పెరిగి లాభం కనపడగానే ఆ వ్యాపారం మగవాళ్ల చేతుల్లోకి పోయిందంటారు మీస్.

ఇది చదివాక పిన్నికి ఫోన్ చేశాను. "పెళ్లి కాకముందు నువ్వు ఏం అల్లేదానివి?" అని అడిగాను.

"రేకులే. పదేళ్లు రేకులే అల్లాను. మా అమ్మా రేకులే. అతుకు పక్క వీధివాళ్లది" అంది.

"మరి ఈ గుడ్డంతా ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఇక్కడికొచ్చాకే. ఇక్కడ ఏజెంటు ఎవడున్నాడే? నేను రేకులు అల్లి ఎవరికివ్వాలి? మా పుట్టింటి నించి ఒక గుడ్డ తెచ్చుకుని, వరసా వరసా విప్పుకుంటూ మళ్లీ అల్లుకుంటూ చూశాను. ఆర్నెల్లు పట్టింది."

ఆవిడ మామూలుగానే చెప్పింది, నేనే కాసేపు మాట్లాడలేకపోయాను. నరసాపురంలోనే ఉండిపోతే ఆవిడ ఈ రోజుకీ రేకులే అల్లుతూ ఉండేది. లేసు మార్కెట్‌కి దూరమైన ఊళ్లో పడటం వల్ల ఆవిడకి గుడ్డ మొత్తం చేతికొచ్చింది. ఏజెంటు లేకపోవడం వల్ల ఆదాయం పోయింది, నమూనా దక్కింది. చెల్లి అమ్ముదామంటున్నది ఆ నమూనానే.

*

నమూనాలు అమ్ముకోవడం నెట్‌తో మొదలుకాలేదు. అచ్చు యంత్రం వచ్చిన వందేళ్లలోపే, 1520ల్లోనే, జర్మనీలో, వెనిస్‌లో కుట్లకీ అల్లికలకీ నమూనా పుస్తకాలు అచ్చయ్యాయి. చాలావాటి మీద మగవాళ్ల పేర్లే ఉంటాయి. 1597లో రోమ్‌లో వచ్చిన ఒక లేసు నమూనా పుస్తకం మీద మాత్రం ఇసబెల్లా కతనేయా పరాసోలే అనే స్త్రీ పేరుంది. పంక్తులు రాసి కాదు, అల్లికలు గీసి ఒక స్త్రీ గ్రంథకర్త అయింది.

క్రోషేకి అలాంటి మనిషి ఎలియనోర్ రియెగో ద లా బ్రాంషార్దియేర్. 1840ల నుంచీ లండన్‌లో డెబ్బైకి పైగా నమూనా పుస్తకాలు వేసింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో బహుమతి పతకాలు అందుకుంది. ఐరిష్ క్రోషే వ్యాప్తికి ఆవిడ పుస్తకాలు బాగా తోడ్పడ్డాయి. చెల్లి ఇప్పుడు చేద్దామంటున్నదే ఆవిడ చేసింది. ఒకసారి అల్లి, ఒకసారి రాసి, వేలసార్లు అమ్మింది.

రియెగో పేరు గ్రంథాలయాల జాబితాల్లో ఉంది. ఆవిడ నమూనాలు చూసి కరువులో అల్లిన ఐరిష్ ఆడవాళ్ల పేర్లు లేవు. వాళ్ల తర్వాత అల్లిన గోదావరి ఆడవాళ్ల పేర్లు అసలే లేవు. రాసిన చెయ్యికి పేరు, అల్లిన చెయ్యికి కూలి. ఈ విభజన కేవలం స్త్రీ పురుషుల మధ్య గీత కాదు. చదువుకున్న స్త్రీకీ చదువులేని స్త్రీకీ మధ్య, పాలించే దేశపు స్త్రీకీ పాలితదేశపు స్త్రీకీ మధ్య గీత. దాన్ని గీసినవాళ్లలో దయగల స్త్రీలూ ఉన్నారు.

మనకిది కొత్తగా ఉండకూడదు. మన స్త్రీల పాటలు అచ్చులోకి ఎలా వచ్చాయో గుర్తుచేసుకోండి. రోకటి దగ్గరా ఉయ్యాల దగ్గరా పాడిన ముసలమ్మల పాటలకి అట్టమీద సేకర్త పేరు, లోపల "సంప్రదాయం". ఆ పాటల మీద వ్యాసాలు రాసి నేను డాక్టరేట్ తెచ్చుకున్నాను. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ల పేర్లతో, వాళ్ల గొంతుతో అచ్చువేసింది. ఆ పుస్తకం నాకు నేర్పాల్సిన పాఠం అదే. నేను మాత్రం దాన్ని ఉదహరించడం వరకే నేర్చుకున్నాను.

*

ఇంత చదివి కూడా నేను చేసిన పని వినండి. ఫిబ్రవరిలో రెండు రాత్రులు కూచుని నమూనా రాశాను. పిన్ని నెమ్మదిగా అల్లుతుంటే చెల్లి వీడియో తీసి పంపింది. దాన్ని చూస్తూ లెక్కపెట్టాను. మా పిన్నికి కుట్ల పేర్లు రెండే. గొలుసు, కంబం. కంబం పొట్టిదైతే పొట్టికంబం, పొడుగైతే పొడుగుకంబం. ఇంగ్లీషులో వీటికి స్థిరమైన పేర్లున్నాయి గానీ, బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషే అన్నదాన్ని అమెరికన్లు సింగిల్ అంటారు. అమెరికన్ల డబుల్ బ్రిటిష్‌వాళ్లకి ట్రెబుల్. ఏ పద్ధతో చెప్పకపోతే కొన్నవాళ్ల గుడ్డ మరో పొడవుకి వస్తుంది. రేవు దాటిన ప్రతిసారీ మాట మారిపోయినా, చేతి కదలిక ఒక్కటే. నాకది ఎంతో సాహిత్య విషయంలా తోచి సంతోషపడ్డాను.

అట్టమీద చెల్లి పేరు పెట్టాం. కొట్టు దాని పేరునే ఉంది కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. లోపల చివరి పేజీలో, ఇంగ్లీషు అనువాదం అని నా పేరు. పిన్ని పేరు ఎక్కడా లేదు. మొదటి పేజీలో "తరతరాల నరసాపురం సంప్రదాయం" అని ఒక వాక్యం రాశాను. రాసింది నేనే.

అమ్మకాల సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న వేసేవాళ్లకి కావాల్సింది అదే. బల్లగుడ్డ నాలుగువందలకి అమ్మితే దారం యాభై, పంపడానికి ఎనభై పోగా రెండువందల డెబ్బై మిగిలేది. పదకొండు గంటలకి పంచితే గంటకి పాతిక రూపాయలు కూడా కాదు. నమూనా ధర మూడు డాలర్లు. రుసుములు పోగా చేతికి రెండువందలు. నాలుగు నెలల్లో పద్నాలుగు అమ్ముడయ్యాయి. మా ముగ్గురి పనీ కలిపితే నలభై గంటలు. అంటే గంటకి డెబ్బై. అమ్మినకొద్దీ అది పెరుగుతుంది. లెక్కలో చెల్లే గెలిచింది.

ఆరో నెలలో ఎవరో కొన్నామె రాసింది, మీ నమూనా ఫలానా చోట ఊరికే దొరుకుతోందని. వెళ్లి చూస్తే మా ఫొటోలే, నా వాక్యాలే. చెల్లి పేరు చెరిపేసి ఉంది. మా వీధిలో ఎవరైనా ఆరేసిన బల్లగుడ్డ ఎత్తుకుపోతే పిన్ని కేకలేస్తుంది, నలుగురూ వస్తారు. ఇక్కడ ఎవరి మీద కేకలెయ్యాలో కూడా తెలియలేదు. పిన్ని మాత్రం "నే చెప్పలా" అనలేదు. "ఎనిమిది రేకులూ సరిగ్గా వేశారా వాళ్లు?" అని అడిగింది.

అదే ఏడాది ఇంకో దెబ్బ రెండోవైపు నుంచి తగిలింది. నమూనా కొన్న ఒక అమెరికా ఆవిడ, తనకి అల్లే ఓపిక లేదని ఆరు గుడ్డలు అడిగింది. పిన్ని రెండు నెలలు అల్లింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతదేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. 800 డాలర్ల లోపు పొట్లాలకి ఉన్న సుంకం మినహాయింపుని ఆ నెల 29న ఎత్తేసింది. సుంకం ఎవరు ఎలా వసూలు చెయ్యాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకి సరుకుల పొట్లాలు ఆపేసి, అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. ఆ ఏడు వారాలూ ఆరు గుడ్డలూ అల్మారాలో ఉన్నాయి. నమూనాకి మాత్రం ఏ అడ్డూ లేదు. తీగలమీద పోయే వాటికి సుంకం వెయ్యకూడదని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు 1998లోనే అనుకున్నాయి, తర్వాత పలుమార్లు ఆ మాటని పొడిగించుకున్నాయి. వస్తువుకి సరిహద్దు ఉంది, ఫైలుకి లేదు. అందుకే వస్తువు ఆగిపోతుంది, ఫైలు దొంగలపాలవుతుంది.

*

చట్టం ఏమంటుందో చూశాను. నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ గుర్తింపు చట్టం 1999లో చేసి 2003లో అమల్లోకి తెచ్చారు. అది కాపాడేది పేరుని, ఆ పేరున్న ప్రాంతంలో తయారైన సరుకుని. అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకున్నవాళ్లకే ఆ గుర్తు వాడే హక్కు. పీడీఎఫ్‌కి ఆ గుర్తింపు వర్తించదు. రాంబిల్లిలో అల్లిన గుడ్డకీ వర్తించదు, అల్లిన చెయ్యి నరసాపురానిదే అయినా సరే. పుట్టిన ఊరు వదిలి కాపురానికి వచ్చే ఆడవాళ్ల నైపుణ్యాన్ని భౌగోళిక గుర్తింపు ఏం చేస్తుందన్నది ఎవరైనా పరిశోధించాల్సిన విషయం. రాసిన సూచనలకైతే కాపీరైట్ ఉంది, రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. రచయిత ఎవరన్నదే ప్రశ్న. చట్టం దృష్టిలో వాక్యాలు రాసిన నేను.

రాంబిల్లికి కాస్త దూరంలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మ గురించి ఎంత వివరంగా రాసినా బొమ్మ రాదు. అంకుడు కర్ర కావాలి, తిరిగే కర్ర మీద లక్కని ఒత్తినప్పుడు ఎంత వేడికి అది కరిగి పట్టుకుంటుందో చెయ్యికి తెలియాలి. క్రోషే అలా కాదు. దాంట్లో ముప్పాతిక లెక్క. ఇన్ని గొలుసులు, ఇన్ని కంబాలు, మళ్లీ ఇన్ని గొలుసులు. అందుకే అది ఐర్లండ్ నుంచి గోదావరికి అంత తేలిగ్గా వచ్చింది. పోయేటప్పుడూ అంతే తేలిగ్గా పోతుంది. మరోపక్క, అసలైన క్రోషేని ఫ్యాక్టరీ స్థాయిలో అల్లగల యంత్రం ఇంకా వాడకంలోకి రాలేదు. ప్రపంచంలో ఎక్కడ క్రోషే కనిపించినా దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంది. నమూనా కొన్నవాళ్లు ఎంతమందైనా, పదకొండు గంటలు ఎవరో ఒకరు అల్లాల్సిందే. ఆ అమెరికా ఆవిడ చేసిందీ అదే, నమూనా కొని, చివరికి చెయ్యి కోసం పిన్ని దగ్గరికే వచ్చింది.

అంటే పిన్ని రెండో ప్రశ్నకి జవాబు ఆవిడ భయపడినట్టు లేదు. ఎలా అల్లాలో చెప్పేసినా గుడ్డ కొనేవాళ్లుంటారు. మొదటి ప్రశ్నకే నా దగ్గర సరైన జవాబు లేదు. ఒకసారి అమ్మినదాన్ని మళ్లీ అమ్మడం మోసం కాదు. కానీ ఆ రెండోసారి, మూడోసారి వచ్చిన డబ్బు ఎవరిదన్నది తేల్చకపోతే అందులో మోసం ఉంది. అది కొన్నవాళ్ల పట్ల కాదు.

వస్తువా ఫైలా అని అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. ఆ రెంటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. మొత్తం ఎవరి చేతిలో ఉంది? రేకులు మాత్రమే తెలిసినామెకి అమ్ముకోవడానికి నమూనా లేదు, గుడ్డా లేదు, కూలి మాత్రమే ఉంది. ఏజెంటు కాలంలో ఆమెకి తెలియకుండా చేసింది అతుకుపని. మన కాలంలో అది ఇంగ్లీషు, ఖాతా నంబరు, పాస్‌వర్డ్, కొన్నవాళ్ల చిరునామా. ఇవి ఎవరి దగ్గరుంటే వాళ్లు ఏజెంటు. ఆ ఏజెంటు మీసాలున్నవాడే కానక్కర్లేదు. ప్రేమగల కూతురు కావచ్చు, స్త్రీవాద వ్యాసాలు రాసే మేనకోడలు కావచ్చు.

*

మొన్న దసరాకి వెళ్లినప్పుడు నమూనాని తెలుగులో రాసి పట్టుకెళ్లాను. ఆ పని మొదటే చెయ్యాల్సింది. పిన్ని ఏడో తరగతి దాకా చదివింది. కళ్లజోడు పెట్టుకుని, పక్కన సూదీ దారం పెట్టుకుని, వరసలవారీగా చదువుతూ అల్లింది. మొదటి నాలుగు వరసలూ మాట్లాడలేదు. ఐదో వరస దగ్గర ఆగింది.

"ఇక్కడ రెండు పొడుగుకంబాలు మింగేశావు. ఇలా అల్లితే గుడ్డ పళ్లెంలా లేవదూ?"

నిజమే. ఇంగ్లీషులోనూ అదే తప్పుంది. కొన్న పద్నాలుగు మందిలో ఒక్కరూ చెప్పలేదు, తమకే చేతకాలేదనుకుని ఉంటారు. ఊరికే ఎత్తుకుపోయినవాళ్ల దగ్గరా అదే తప్పు ఉంది.

చెల్లి అప్పటికప్పుడు ల్యాప్‌టాప్ తెరిచింది. కొన్న అందరికీ సవరించిన ప్రతి పంపాలి. అట్ట కూడా మార్చాలి. పిన్ని పేరు పెడదామంటే ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "నేను రాయలేదు గదే, మీరు రాశారు" అంది. నువ్వు రాయకపోతే ఐదో వరస తప్పు ఎవరు పట్టుకున్నారు అన్నాను. కాసేపు ఆలోచించి, పేరు పెట్టమంది. ఇంటిపేరు మాత్రం అత్తవారిది కాదు, పుట్టింటిది పెట్టమంది. లేసు అక్కడిది కాబట్టి.

డబ్బు వాటాల సంగతి ఇంకా తేలలేదు. చెల్లి సగం సగం అంటోంది. పిన్ని డ్వాక్రా సంఘంలో తన పేరున ఉన్న ఖాతాకే జమ కావాలంటోంది, ఎంతన్నది తర్వాత చూద్దామంటోంది. మాటలు గోడకి చెప్పుకోవడం మాత్రం మానేశారు. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసు.